ఎడమ బ్రేకు దీపానికి ఎర్ర చీటీ

1995లో, ఎండలు ముదరకముందే, నన్ను ఢిల్లీ కంటోన్మెంట్‌లోని ఒక సైనిక వాహనాల వర్క్‌షాపుకి బదిలీ చేశారు. అప్పటికి నా హోదా నాయబ్ సుబేదార్. జవాన్లకు పైన, ఆఫీసర్లకు కింద ఉండే మెట్టు అది. ఇటువాళ్ళూ అటువాళ్ళూ మర్యాదగా ‘సాబ్’ అనే పిలుస్తారు, తలనొప్పులు మాత్రం ఇద్దరూ తెచ్చి మన నెత్తినే పడేస్తారు. అక్కడ నాకు అప్పగించిన పని ఫైనల్ ఇన్‌స్పెక్షన్, అంటే మరమ్మతు పూర్తయిన బండి గేటు దాటేముందు జరిగే ఆఖరి పరీక్ష.

ఆ పద్ధతి కొంచెం చెప్పాలి. బండి లోపలికి రాగానే ఒకరు దాని జబ్బేమిటో చూస్తారు. ఇంకొకరు మరమ్మతు చేస్తారు. ఆ తర్వాత వేరే మనిషి పరీక్షిస్తాడు. మరమ్మతు చేసినవాడు తన పనిని తానే పాస్ చేసుకోవడానికి వీల్లేదు. అతని కింద పనిచేసేవాడు కూడా పాస్ చేయడానికి వీల్లేదు. కొత్త భాగం వేసినచోట, విప్పిన పాత భాగాన్ని పక్కన పెట్టి ఇన్‌స్పెక్టరుకి చూపించాలి. అంతా సరిగా ఉంటే స్టీరింగుకి ఆకుపచ్చ చీటీ కడతాం, లేకపోతే ఎర్ర చీటీ. ఎర్ర చీటీ కట్టిన బండిని కమాండింగ్ ఆఫీసర్ అయినా గేటు దాటించలేడు.

నేను ఆ మాటను అక్షరాలా పాటించేవాణ్ని. వచ్చిన కొత్తలోనే మా కమాండింగ్ ఆఫీసర్, కల్నల్ సాబ్, ఏదో పెరేడుకి బయల్దేరుతుంటే ఆయన స్టాఫ్ కారుకి ఎర్ర చీటీ కట్టాను. వెనక నంబరు ప్లేటు మీద ఉండే చిన్న దీపం వెలగడం లేదు. పట్టపగలు ఆ దీపంతో ఏం పనని డ్రైవరు గొణిగాడు. రూల్లో పగలనీ రాత్రనీ లేదన్నాను. కల్నల్ సాబ్ ఇస్త్రీ మడత నలగని యూనిఫాంలో, టాపు లేని జీపెక్కి, దుమ్ములో వెళ్ళాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. వెళ్తూ వెళ్తూ ఒక చూపు చూశాడు. ఆ చూపు సంగతి నాకు తర్వాత అర్థమైంది.

ఇక ఇంటి విషయం. నా భార్య సత్యవతిది విజయనగరం. మా అమ్మాయి స్వాతికి అప్పుడు ఎనిమిదేళ్ళు, పుట్టినప్పటినుంచీ ఉబ్బసం. ఆయాసం ఎప్పుడు ముంచుకొస్తుందో తెలిసేది కాదు. వచ్చిందంటే పిల్లను తక్షణం ఆస్పత్రిలో పడేయాలి. ఇంతలో నాకు ఫీల్డ్ పోస్టింగ్ ఖాయమైంది. ఫీల్డ్ అంటే కుటుంబాన్ని తీసుకెళ్ళడానికి వీల్లేని సరిహద్దు ప్రాంతం. వానలు మొదలయ్యేసరికి నేనక్కడుంటాను, తల్లీకూతుళ్ళిద్దరూ ఢిల్లీలో ఉంటారు. వేళకాని వేళ కంటోన్మెంట్ లోపలికి రమ్మంటే ఏ ఆటోవాడూ వచ్చేవాడు కాదు. అందుకని ఒక పాత తెల్ల కారు, చిన్నది, కొన్నాను. ధౌలా కువాన్ వైపు ఖాళీ రోడ్ల మీద సత్యవతికి నడపడం నేనే నేర్పాను. ఆ నేర్పిన వారాల్లో మేమిద్దరం మాట్లాడుకున్న రోజులకంటే మాట్లాడుకోని రోజులే ఎక్కువ. అయినా ఆవిడ చక్కగా నేర్చుకుంది. ఇక కావలసింది లైసెన్సు. అది చేతికొస్తే నేను నిశ్చింతగా బయల్దేరవచ్చు.

మొదటిసారి టెస్టుకి వెళ్ళిన రోజు నేను డ్యూటీలో ఉండిపోయాను. పక్క క్వార్టర్స్ సుబేదార్ గుర్‌నామ్ సింగ్ తోడు వెళ్ళాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చి ఏమైందని అడిగితే సత్యవతి నెమ్మదిగా చెప్పులు విడిచి, “నేను ఫెయిలవలేదండీ. మీ కారు ఫెయిలైంది” అంది.

నాకు వెంటనే బుర్రకెక్కలేదు. టెస్టు తీసుకునే అధికారి కారు చుట్టూ తిరిగి చూశాడట. బ్రేకు నొక్కమన్నాడట. కుడి దీపం వెలిగింది, ఎడమది వెలగలేదు. బండిని సరిచేయించుకుని సోమవారం రమ్మని, ఆవిణ్ణి స్టీరింగ్ తిప్పనివ్వకుండానే పంపేశాడు. గుర్‌నామ్ సింగ్ నవ్వాపుకోలేక గుమ్మంలోనే నిలబడిపోయాడు. “ఫైనల్ ఇన్‌స్పెక్షన్‌వాలే సాబ్ కీ గాడీ ఫెయిల్!” అని వీధి చివరివరకూ వినిపించేలా అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మామూలు మనిషైతే ఏం చేస్తాడు? మునిర్కాలో రోడ్డు పక్క మెకానిక్ దగ్గర ఆపి, బల్బు మార్పించుకుని, టీ తాగి వస్తాడు. గుర్‌నామ్ సింగ్ కూడా అదే చెప్పాడు. “మునిర్కా చలో సాబ్, పాంచ్ మినట్ కా కామ్ హై.” ఐదు నిమిషాల పనన్నా నేను చెవిన పెట్టలేదు. కల్నల్ కారునే ఆపినవాడి కారు రోడ్డు పక్కన బాగవ్వడమా? వర్క్‌షాపులో చేయిద్దామా అంటే సొంత బండిని సర్కారు వర్క్‌షాపులో ముట్టుకోవడం పెద్ద నేరం. ఇంటి ముందే, నా చేతులతోనే మారుస్తానని, అదీ పద్ధతి ప్రకారం మారుస్తానని ప్రకటించాను. శనివారం డ్యూటీ దిగి, యూనిఫాంలోనే కంటోన్మెంట్ బజారుకి వెళ్ళి బల్బులు అడిగాను. రెండు తీగలుండేది, పక్కనున్న పిన్నులు ఒకటి ఎత్తుగా ఒకటి పల్లంగా ఉండేది కావాలన్నాను. షాపువాడు నా భుజం మీది చిహ్నం చూసి, ఇంకేమీ అడగకుండా జత తీసి ఇచ్చాడు.

ఆదివారం పొద్దున్న చిక్కొచ్చి పడింది. మరమ్మతు చేసేది నేను. మరి పరీక్షించేదెవరు? నేను పనికిరాను. గుర్‌నామ్ సింగ్ నాకంటే పైమెట్టు, కానీ ట్యాంకుల మనిషి, పైగా శుక్రవారంనుంచి నవ్వుతూనే ఉన్నాడు, నిష్పాక్షికుడు కాదు. ఎదురు క్వార్టర్స్ హవల్దార్ నా కింద పనిచేస్తాడు, వాడూ పనికిరాడు. ఎలా చూసినా, నా కింద పనిచేయని, నాకు భయపడని మనిషి ఆ వీధిలో ఒక్కరే తేలారు.

“ఏటండీ, నేనా?” అంది సత్యవతి, చేతిలో గరిటెతో.

నువ్వే అన్నాను. కూర్చోబెట్టి నియమాలన్నీ చెప్పాను. పాత శుభలేఖ కవరు కత్తిరించి ఎర్ర చీటీ, సబ్బు పెట్టె అట్ట కత్తిరించి ఆకుపచ్చ చీటీ తయారుచేసి ఇచ్చాను. బొడ్లో దోపుకుంది.

పని మొదలుపెట్టాను. వెనక దీపం మీది ఎర్ర ప్లాస్టిక్ మూతను స్క్రూలు విప్పి తీస్తే లోపల బల్బు కనిపిస్తుంది. దాన్ని లోపలికి నొక్కి, కొంచెం ఎడమకు తిప్పితే ఊడి చేతిలోకొస్తుంది. కొత్తదాన్ని అలాగే నొక్కి కుడికి తిప్పి వదిలితే కూర్చుంటుంది. ఒక బల్బులోనే రెండు తీగలుంటాయి. సన్నది చీకట్లో వెలిగే వెనక దీపానికి, లావుది బ్రేకుకి. అంతా చకచకా ముగించి, డ్రైవరు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కి, “ఇన్‌స్పెక్షన్!” అని కేకేశాను.

సత్యవతి వెనకకెళ్ళి నిలబడింది.

“తొక్కారా?”

“తొక్కాను.”

“గట్టిగా తొక్కండి.”

గట్టిగా తొక్కినంత మాత్రాన దీపం గట్టిగా వెలగదని చెప్పాను. ఆవిడ వంగి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, “వెలుగుతోంది లెండి, అగరొత్తి నిప్పులాగ. కుడిదాని పక్కన ఎడమది సిగ్గుపడుతోంది” అంది. వచ్చి స్టీరింగుకి ఎర్ర చీటీ కట్టింది.

నాకు ఒళ్ళు మండింది. కొత్త బల్బు, శుభ్రంగా బిగించాను, ఫెయిలెలా అవుతుంది? కారణం చెప్పకుండా ఫెయిల్ చేయకూడదన్నాను. కారణం వెతకాల్సింది మరమ్మతు చేసినవాళ్ళట, పొద్దున్న నేనే చెప్పానట. ఎండలో సరిగా కనిపించి ఉండదన్నాను. ఆ మాట గుర్‌నామ్ సింగ్ చెవిన పడింది. ఇంట్లోకి పరుగెత్తి ఒక రజాయి పట్టుకొచ్చాడు. ఢిల్లీ చలికాలంలో కప్పుకునే దూది బొంత అది. మే నెల ఎండలో దాన్ని కారు వెనక గుడారంలా పరిచి, అందులో చీకటి చేసి, దీపం ఎంత వెలుగుతోందో తేల్చేద్దామన్నాడు.

ఆ తర్వాత జరిగింది నేను ఆపగలిగేది కాదు. రజాయి కిందకి ఒకరి తర్వాత ఒకరు దూరడం, చెమటలు కక్కుకుంటూ బయటికొచ్చి అభిప్రాయం చెప్పడం. ఎదురింటి హవల్దార్ ‘ఠీక్ హై సాబ్’ అన్నాడు, పాపం, అంతకంటే ఏమంటాడు. మూలింటి తమిళాయన కొంచెం డిమ్ అన్నాడు. వాళ్ళావిడ డిమ్ కాదు, ఎరుపే అంత అంది. ఫిరంగి దళం నాయబ్ సుబేదార్ ఒకాయన రెండుసార్లు దూరి, తనకిందులో ఏదో కుట్ర కనిపిస్తోందన్నాడు. సరోజినీ నగర్‌నుంచి బట్టలు బేరం చేసి వస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు, ఎవరో ఏమిటో తెలియకుండానే, సంచులు కింద పెట్టి దూరారు. స్వాతి బయటికొచ్చి, “పప్పా, అందర్ బహుత్ గర్మీ హై, లైట్ తో హై హీ నహీ” అని, లోపల వేడే తప్ప వెలుగే లేదని తీర్పు చెప్పింది.

వీధి వీధంతా చూసిన ఆ దీపాన్ని నేనొక్కణ్ణే చూడలేదు. ఒకటి, బ్రేకు మీద కాలు తీస్తే ఆరిపోతుంది. రెండు, మరమ్మతు చేసినవాణ్ని నేను, పరీక్షలో వేలు పెట్టకూడదు. కాలు తిమ్మిరెక్కినా అలాగే కూర్చున్నాను.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. గొప్ప ఆలోచన అని కూడా అనుకున్నాను. బ్రేకు దీపాలు జతగా పనిచేయాలి, రెండూ సమానంగా వెలగాలి. అది వర్క్‌షాపు ప్రమాణం. కుడి దీపం వేరే సమయంలో వేసిన పాత బల్బు, ఎడమది కొత్తది, అందుకే తేడా. షాపువాడు జత ఇచ్చాడు కదా. కుడి మూత కూడా విప్పి, శుభ్రంగా వెలుగుతున్న బల్బును పీకేసి, రెండో కొత్త బల్బు బిగించాను. వెళ్ళి సీట్లో కూర్చుని, “ఇప్పుడు చూడు, రెండూ సమానమేనా?” అన్నాను.

“సమానమేనండీ.”

“మరింకేం, ఆకుపచ్చ చీటీ కట్టు.”

“ఇప్పుడు రెండూ సిగ్గుపడుతున్నాయి” అంటూ ఎర్ర చీటీ విప్పకుండానే ముడి ఇంకాస్త బిగించింది.

నేను దిగాను. రెండూ సమానంగా ఉంటే పాస్ చేయక తప్పదని, రూలు అలాగే ఉందని గట్టిగానే అరిచాను. ఆవిడ అరవలేదు. బొడ్లోని ఆకుపచ్చ చీటీ మీద చెయ్యి పెట్టుకుని, “రేపు నేను బ్రేకు తొక్కితే చూడాల్సింది ఆ ఆఫీసరు, మీ రూలు కాదు. రేపు లైసెన్సు రాకపోతే మీరెళ్ళాక పిల్లకి ఆయాసం వస్తే ఎలాగండీ? ఎత్తుకుని పరిగెత్తమంటారా?” అంది. నాకూ లోపల కలుక్కుమంది, కానీ పంతం అంత తేలిగ్గా వదిలితే నేను నాయబ్ సుబేదార్‌నెలా అవుతాను? ఇన్‌స్పెక్టరు తీర్పు నచ్చకపోతే పై అధికారికి చెప్పుకునే హక్కు మరమ్మతు చేసినవాడికుంటుందని చెప్పాను.

ఈ తతంగంతోనే పొద్దు వాలింది. అదేం వేళావిశేషమోగాని, సరిగ్గా అప్పుడే కల్నల్ సాబ్ సాయంత్రం నడకకని, చేతికర్రతో అటువైపు వచ్చాడు. అందరం అటెన్షన్‌లో నిలబడ్డాం, రజాయి కింద ఇంకా ఒకాయన ఉండిపోయాడు. ఆయన కింద నుంచే సెల్యూట్ చేసినట్టుంది, బొంత పైకి లేచింది.

సంగతంతా విన్నాడు కల్నల్ సాబ్. కర్ర గుర్‌నామ్ సింగ్ చేతికిచ్చి, వంగి, రజాయి కిందకి వెళ్ళాడు. నేను మళ్ళీ వెళ్ళి బ్రేకు తొక్కాను. బయటికొచ్చి జుట్టు సరిచేసుకుని, ఇన్‌స్పెక్టర్ ఎవరని ఇంగ్లీషులో అడిగాడు. సత్యవతి చెయ్యెత్తింది. స్టీరింగుకి కట్టి ఉన్న శుభలేఖ ముక్కను ఆయన ఎంతో ప్రేమగా పట్టుకుని చూశాడు.

“నాయుడు సాబ్, ఎర్ర చీటీ కట్టిన బండిని కమాండింగ్ ఆఫీసర్ అయినా బయటికి తీయించగలడా?”

“లేదు సర్.”

“పగలైనా?”

“పగలైనా సర్.”

“మిసెస్ నాయుడు ఫెయిల్ చేశారు కాబట్టి ఫెయిలే” అన్నాడు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. గుర్‌నామ్ సింగ్ ఇదే అదననుకుని మునిర్కా మాటెత్తాడు. కల్నల్ ఆ మాట కొట్టిపారేశాడు. యూనిట్ ఇజ్జత్‌కి, అంటే పరువుకి, సంబంధించిన విషయమట, బయటివాళ్ళ చేతిలో పెట్టడానికి వీల్లేదట.

అప్పుడు సత్యవతి, పొద్దున్న చెప్పిన పాఠంలో మిగిలిన ఒక్క ముక్క గుర్తు తెచ్చుకుంది. “ఏవండీ, పాత భాగం పక్కన పెట్టి చూపించాలన్నారు కదా. చూపించలేదు మీరు.”

నిజమే. అంతమందిలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. నా చొక్కా జేబులోంచి రెండు పాత బల్బులూ తీసి ఇచ్చాను. ఎడమ మూత విప్పి కొత్తది కూడా తీసి ఇచ్చాను. ఆవిడ వాటి ఇత్తడి మొదళ్ళను కొంగుతో తుడిచి, కళ్ళ దగ్గర పెట్టుకుని చదివింది. “పాతదాని మీద పన్నెండని ఉంది. కొత్తదాని మీద ఇరవైనాలుగు. మరి ఇరవైనాలుగంటే ఇంకా ఎక్కువ వెలగాలి కదా?”

బల్బు ఆవిడ చేతిలోంచి తీసుకుని నేనూ చదివాను. సైన్యం లారీలకు ఇరవైనాలుగు వోల్టుల బ్యాటరీ ఉంటుంది, ఇంటి కార్లకు పన్నెండే. షాపువాడు నా యూనిఫాం చూసి లారీ బల్బు ఇచ్చాడు. నా చేతులకు అలవాటైన బల్బు కాబట్టి నేనూ చూడకుండా తెచ్చాను. ఇరవైనాలుగు కావలసిన బల్బుకి పన్నెండే అందితే, సగం తిండి పెట్టి పూర్తి పని చేయమన్నట్టు. అది అగరొత్తిలా కాక ఎలా వెలుగుతుంది? ఇది చెప్పాక చుట్టూ చూశాను. ట్యాంకుల సుబేదార్, ఫిరంగుల నాయబ్ సుబేదార్, వర్క్‌షాపు హవల్దార్. అందరం ఇరవైనాలుగు వోల్టుల వాళ్ళమే. పొద్దున్నించీ బొంత కింద దూరినవాళ్ళలో ఒక్కరూ బల్బు విప్పి దాని మొదలు చూడలేదు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

“మరి మీకు తెలీదా?” అంది సత్యవతి. తెలుసుకోవాలనే అడిగింది, ఎత్తిపొడుపు కాదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

కుడివైపు పాత బల్బు మంచిదే, తిరిగి బిగించాను. ఎడమవైపుకి ఒకటి కావాలి. ఆదివారం కంటోన్మెంట్ బజారుకి సెలవు, టెస్టు తెల్లారితే. కల్నల్ సాబ్ కాసేపు ఆలోచించి, తన సొంత కారుకీ పన్నెండు వోల్టుల బల్బేనని, అది తీసి పెట్టుకోమని అన్నాడు. సొంత బండినుంచి సొంత బండికి కాబట్టి రూలు అడ్డం రాదట. ఒక షరతు పెట్టాడు. రేపు సాయంత్రానికల్లా కొత్త బల్బు తెచ్చి తన కారుకి బిగించాలి, దానికి ఫైనల్ ఇన్‌స్పెక్షన్ మిసెస్ నాయుడే చేయాలి.

కల్నల్ బంగళాకి వెళ్ళి, ఆయన కారు వెనక మోకాళ్ళ మీద కూర్చుని బల్బు విప్పి, రుమాల్లో చుట్టుకుని తెచ్చాను. మొదలు మీద పన్నెండని రెండుసార్లు చదివాను. బిగించి, బ్రేకు తొక్కాను. వెనక గోడ మీద ఎర్రగా పడింది వెలుగు. సత్యవతి ఎడమది చూసింది, కుడిది చూసింది, రెండడుగులు వెనక్కెళ్ళి మళ్ళీ చూసింది. తర్వాత వచ్చి, ముడి విప్పి, సబ్బు పెట్టె అట్ట ముక్క కట్టింది. వీధిలో అందరూ చప్పట్లు కొట్టారు. నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

సోమవారం టెస్టుకి వేరే అధికారి ఉన్నాడు. కారు వెనక్కి ఆయన వెళ్ళనేలేదు. ముందుకు, వెనక్కు, ఎడమకు నడిపించి చూసి సంతకం చేశాడు. బ్రేకు దీపాలు చూడండి సార్ అని నేనే అడిగాను. “అరే ఛోడియే భాయ్‌సాబ్” అంటూ వదిలేయమన్నాడాయన. సత్యవతి నా చొక్కా పట్టుకుని లాక్కొచ్చేసింది. సాయంత్రం కల్నల్ సాబ్ కారుకి కొత్త బల్బు బిగిస్తే, మొదలు మీది పన్నెండు చదివి మరీ పాస్ చేసింది.

వానాకాలంలో ఫీల్డ్‌కి వెళ్ళిపోయాను. మళ్ళీ సెలవు మీద వచ్చేసరికి చలి మొదలైంది. న్యూఢిల్లీ స్టేషనుకి సత్యవతే కారేసుకుని వచ్చింది. దారి పొడుగునా ఒక్కసారి కూడా బ్రేకు గట్టిగా తొక్కాల్సిన అవసరం రానివ్వలేదు. ధౌలా కువాన్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, ముందుకే చూస్తూ, “రెండుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్ళానండీ. రెండోసారి డాక్టరు, ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదన్నాడు” అంది. నాకు రాసి కంగారుపెట్టడం ఎందుకని ఊరుకుందట. నేను గేరు మీదున్న ఆవిడ చేతి మీద చెయ్యి వేశాను. గేరు మార్చాలి తీయండి అంది.

ఇంటి ముందు ఆపి, డాష్‌బోర్డు అరలోంచి అవే రెండు చీటీలు తీసి నా చేతిలో పెట్టింది. “కుడి బల్బు పోయినవారం పోయింది. నేనే మార్చాను. ఈ వారమంతా పరీక్షించేవాళ్ళు లేక అలాగే నడుపుతున్నాను. వెళ్ళి వెనక నిలబడండి.”

సంచీ భుజం మీదనుంచి దించకుండానే వెనక్కి వెళ్ళాను. ఆవిడ బ్రేకు తొక్కింది. రెండూ సమానంగా, నిండుగా వెలిగాయి. అయినా కిటికీ దగ్గరికెళ్ళి పాత భాగం చూపించమన్నాను. అడుగుతానని ఆవిడకు తెలుసు. కాలిపోయిన బల్బు, కొత్తదాని ఖాళీ డబ్బా, రెండూ కాగితంలో పొట్లం కట్టి ఉంచింది. రెండిటి మీదా పన్నెండే. ఆకుపచ్చ చీటీ కట్టాను.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, పాత భాగాన్నీ కొత్త భాగాన్నీ పక్కపక్కన పెట్టి చదవకుండా ఏ బండినీ పాస్ చేయలేదు. నా కింద ఇన్‌స్పెక్షన్ నేర్చుకున్నవాళ్ళకు ఇంకొకటి కూడా చెప్పేవాణ్ని. రూలు పుస్తకంలో అది లేదు. మరమ్మతు చేసినవాడంటే భయం లేని మనిషిని, ఆ బండి రేపు తప్పకుండా కదలాల్సిన అవసరం ఉన్న మనిషిని పరీక్షకు పెట్టండి. అలాంటి మనిషి ఎర్ర చీటీ కడితే వాదించకండి, బల్బు విప్పి చూడండి.